ఆంగ్ల క్రియలయందలి ఉపసర్గస్థానీయములు: సంస్కృత విద్యార్థికి ఒక పాఠము

ప్రస్తావన

ఆంగ్లభాషలో రెండు మూడు చిన్న పదములు కలిసి ఒకే క్రియగా నిలిచి, విడివిడి పదముల అర్థమునకు భిన్నమైన అర్థమును బోధించు ప్రయోగములు అనేకములు కలవు. 'గివ్' అనగా ఇచ్చుట; 'అప్' అనగా పైకి. కాని 'గివ్ అప్' అనగా పైకి ఇచ్చుట కాదు, మానుకొనుట. 'పుట్' అనగా ఉంచుట. 'ఆఫ్' అనగా వేరుగా, దూరముగా. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట. ఇట్టి క్రియలను ఆంగ్ల వైయాకరణులు 'ఫ్రేజల్ వెర్బ్' లని వ్యవహరింతురు. ఈ పేరు ప్రాచీనమైనది కాదు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున దీనిని వాడి, ఇది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని తెలిపెను. పేరు క్రొత్తదైనను కష్టము పాతదే. క్రియకు వెనుక ఒక చిన్న పదము చేరుటవలన కలుగు ఈ అర్థభేదము పరదేశీయులకు మిక్కిలి క్లేశకరమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించెను.

మన ప్రాచ్యకళాశాలల విద్యార్థి ఈ క్రియలను చూచి భయపడును. ఐదువందల పదముల పట్టికను తెచ్చుకొని వల్లె వేయును. వారము గడచునప్పటికి 'పుట్ ఆఫ్', 'పుట్ అవుట్', 'పుట్ అప్' అను మూడును కలగాపులగమగును. అంతట తనకు ఆంగ్లము పట్టుబడదని నిశ్చయించుకొనును. ఈ నిశ్చయము సరికాదని చూపుటయే ఈ వ్యాసప్రయోజనము. ఈ క్రియలను సాధించుటకు తగిన సాధనము ఆ విద్యార్థి చేతిలో ఇదివరకే కలదు. అదియే ఉపసర్గప్రకరణము.

అపార్థమువలని నష్టము

ఇది కేవలము పరీక్షకు సంబంధించిన విషయము కాదు. పైకోర్టు క్రింది కోర్టు తీర్పును 'సెట్ అసైడ్' చేసినదని ఉత్తరువులో ఉన్నదనుకొందము. పదార్థములను మాత్రమే ఎరిగినవాడు "ప్రక్కన పెట్టిరి, తరువాత విచారింతురు కాబోలు" అని తలచి ఊరకుండును. వాస్తవమున ఆ తీర్పు రద్దయినది. వైద్యుడు ఒక వ్యాధిని 'రూల్ అవుట్' చేసెనని నివేదికలో ఉన్నచో, ఆ వ్యాధి లేదని తేల్చెనని అర్థము. తెలియనివాడు దానిని వ్యాధి బయటపడినదని భ్రమించి దుఃఖించును. పరీక్ష 'కాల్ ఆఫ్' అయినదన్న రద్దయినది, 'పుట్ ఆఫ్' అయినదన్న వాయిదా పడినది. దరఖాస్తును 'టర్న్ డౌన్' చేసిరన్న తిరస్కరించిరి.

మన విద్యార్థికి 'పోస్ట్‌పోన్', 'టాలరేట్', 'ఎక్స్‌టింగ్విష్' మొదలగు పెద్ద పదములు తెలియును. వానికే సమానార్థకములైన 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్', 'పుట్ అవుట్' తెలియవు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, విద్యావ్యాసంగమువలన లాటిన్ పదములును ఆంగ్లమున విశేషముగా ప్రవేశించినవి. ఆంగ్లమునకు అవి మన తత్సమములవంటివి. ఫ్రేజల్ వెర్బులు దేశ్యములవంటివి. 'పరిత్యజించు' అను పదము నేర్చి 'విడిచిపెట్టు' అనునది నేర్వని పరభాషీయుడు తెలుగునాట ఎట్లు చిక్కుపడునో, మన విద్యార్థియు ఆంగ్లమున అట్లే చిక్కుపడుచున్నాడు.

ఉపసర్గ స్వరూపము

క్రియాయోగమున 'ప్ర' మొదలగునవి ఉపసర్గసంజ్ఞను పొందునని పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున (1.4.58, 59) విధించెను. ఇవి ఇరువదిరెండు. ఇవి ధాతువునకు ముందే ప్రయోగింపబడవలెనని అదే పాదమున 80వ సూత్రము నియమించుచున్నది. ఇచ్చటనే విద్యార్థికి ఒక పూర్వపక్షము తోచును: సంస్కృతమున ఉపసర్గ ముందు వచ్చును, ఆంగ్లమున 'అప్', 'ఆఫ్' మొదలగునవి వెనుక వచ్చును, నడుమ ఇతర పదములును చేరును, కావున ఈ పోలిక ఎట్లు పొసగును?

దీనికి సమాధానము తరువాతి రెండు సూత్రములలోనే కలదు. ఛందస్సున, అనగా వేదమున, ఉపసర్గలు ధాతువునకు పిమ్మటను ఉండవచ్చునని 81వ సూత్రమును, నడుమ ఇతర పదముల వ్యవధానముతోను ఉండవచ్చునని 82వ సూత్రమును తెలుపుచున్నవి. లౌకికసంస్కృతమున ఉపసర్గ ధాతువునకు అతుకుకొని ముందే నిలిచినది. వేదమున అది స్వతంత్రముగా సంచరించినది. ఆంగ్లమున 'పుట్ ది మీటింగ్ ఆఫ్' అనుచో 'పుట్'నకును 'ఆఫ్'నకును నడుమ కర్మపదము చేరినది. ఇది వైదికమర్యాదనెరిగినవానికి వింత కాదు. జర్మన్ భాషయందును ఇట్టి క్రియలు కలవు. మానుకొనుట అను అర్థముగల 'ఆఉఫ్‌గేబెన్' అను క్రియలో ఉపసర్గస్థానీయము తుమున్నర్థక రూపమున ముందుండి, ప్రధానవాక్యమున విడివడి చివరకు పోవును.

స్వరవిషయమునను సామ్యము గమనింపదగినది. తిఙంతముకాని పదమునకు పిమ్మట వచ్చిన తిఙంతము నిఘాతమగునని అష్టమాధ్యాయము (8.1.28) చెప్పుచున్నది. అందువలన వేదమున ప్రధానవాక్యమందు సాధారణముగా క్రియ అనుదాత్తమై, ఉపసర్గ స్వరమును వహించును. ఆంగ్లమున 'గివ్ అప్' అనునపుడు ఊనిక 'గివ్' కంటె 'అప్' మీదనే ఎక్కువగా పడును. ఈ ఊనికను పాటింపక పలికినచో వినువానికి అర్థము స్ఫురింపదు.

ఉపసర్గల మూడు గతులు

ఉపసర్గ ధాత్వర్థమును మూడు విధముల ప్రభావితము చేయునని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఒకటి ధాత్వర్థమును అనుసరించును. ఒకటి దానికి విశేషమును కూర్చును. ఒకటి దానిని బాధించి వేరొక అర్థమును తెచ్చును. ఆంగ్ల క్రియలను ఈ మూడు వర్గములుగా విభజించి చదివినచో సగము భారము తగ్గును.

మొదటిది అనువర్తకము. 'సిట్ డౌన్' కూర్చుండుట, 'స్టాండ్ అప్' లేచి నిలుచుట, 'కమ్ ఇన్' లోనికి వచ్చుట. వీనిని వల్లె వేయనక్కరలేదు.

రెండవది విశేషకము. ఇచట ధాత్వర్థము నిలుచును, దానికొక విశేషము చేరును. 'అప్' తరచుగా పూర్తిని చెప్పును: 'ఈట్ అప్' తినివేయుట, 'యూజ్ అప్' వాడివేయుట, 'టేర్ అప్' చించివేయుట. 'ఆన్' కొనసాగింపును చెప్పును: 'గో ఆన్', 'క్యారీ ఆన్', 'రీడ్ ఆన్'. 'ఆఫ్' వియోగమును చెప్పును: 'కట్ ఆఫ్' కోసి వేరుచేయుట, 'బ్రేక్ ఆఫ్' తెంచుకొనుట, 'సెట్ ఆఫ్' బయలుదేరుట, అనగా ప్రస్థానము. 'అవుట్' కొన్నిట వెలికి వచ్చుటను, కొన్నిట అంతరించుటను చెప్పును: 'ఫైండ్ అవుట్' కనుగొనుట, 'పాయింట్ అవుట్' ఎత్తిచూపుట, 'రన్ అవుట్' నిండుకొనుట, 'డై అవుట్' నశించిపోవుట. 'ఓవర్' కొన్నిట పరామర్శను, కొన్నిట చేతులు మారుటను చెప్పును: 'టాక్ ఓవర్' చర్చించుట, 'హ్యాండ్ ఓవర్' అప్పగించుట, 'టేక్ ఓవర్' స్వీకరించుట.

మూడవది బాధకము. 'దా' ధాతువునకు ఇచ్చుట అర్థము. 'ఆ' చేరి 'ఆదత్తే' అయినచో పుచ్చుకొనుట అర్థము. 'రమ్' ధాతువునకు క్రీడించుట అర్థము. 'విరమతి' అనగా ఆగిపోవుట. 'హృ' ధాతువునుండియే ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము పుట్టినవి. ఇట్టివే 'గివ్ అప్' మానుకొనుట, 'బ్రింగ్ అప్' పెంచి పెద్దచేయుట, 'టేక్ ఆఫ్టర్' పోలియుండుట, 'టేక్ ఇన్' మోసగించుట, 'లెట్ డౌన్' నమ్మించి నిరాశపరచుట, 'పుట్ అప్ విత్' సహించుట. వీనిని మాత్రమే విడిగా కంఠస్థము చేయవలెను.

ఉపసర్గ అకర్మకధాతువును సకర్మకము చేయుటయు మనకు తెలిసినదే. 'భవతి' అకర్మకము, 'సుఖమనుభవతి' అనుచో సకర్మకము. ఆంగ్లమున 'లాఫ్' అనగా నవ్వుట. 'లాఫ్ ఆఫ్' అనుచో ఒక మాటను నవ్వి కొట్టివేయుట అను అర్థమున కర్మాపేక్ష కలిగినది.

ఉపసర్గలకు స్వతంత్రార్థము కలదా, లేదా అను వివాదమును యాస్కుడు నిరుక్తమున ప్రస్తావించెను. విడిగా ఉన్నపుడు అవి అర్థమును చెప్పవని శాకటాయనుడు, వానికి వివిధార్థములు కలవని గార్గ్యుడు. ఆంగ్లమును చదువువానికి ఈ ఇరువురును గురువులే. విశేషకవర్గమున గార్గ్యుని అనుసరించి 'అప్', 'ఆన్', 'ఆఫ్'ల అర్థములను ఊహింపవచ్చును. బాధకవర్గమున శాకటాయనుని అనుసరించి సముదాయమునకే అర్థమును గ్రహింపవలెను. ఊహ ఎచ్చట ఆపవలెనో తెలియుటయే నేర్పు. 'టర్న్ ఆఫ్' అనగా ఆపుట. కాని అలారము 'గో ఆఫ్' అయినదన్న మ్రోగినదని అర్థము, ఆగినదని కాదు. పత్రమును 'ఫిల్ ఇన్' చేయుటయు 'ఫిల్ అవుట్' చేయుటయు రెండును నింపుటయే.

ఒక ధాతువు, ఒక మాతృక

పాఠశాలలో ఒక ధాతువును తీసికొని ఉపసర్గలను వరుసగా చేర్చి చెప్పించు పద్ధతి కలదు. ఆ పద్ధతిని 'పుట్' అను క్రియకు అన్వయింతము. దీనికి సంస్కృతమున దగ్గరిది 'ధా' ధాతువు.

పరిధానము వస్త్రమును ధరించుట. 'పుట్ ఆన్' అనునది అదియే. నిధానము దాచియుంచుట, అందుండియే నిధి. 'పుట్ బై' అనగా రేపటికి దాచుకొనుట. సంధానము కూర్చుట, 'పుట్ టుగెదర్' అనగా కూర్చి నిర్మించుట. ఇంతవరకు పోలిక సాగును. ఇక 'పుట్ అవే' ఉండవలసినచోట సర్దియుంచుట, 'పుట్ డౌన్' అణచుటయు వ్రాసికొనుటయు, 'పుట్ అవుట్' దీపమునో మంటనో ఆర్పుట, 'పుట్ త్రూ' టెలిఫోనులో కలుపుట, 'పుట్ ఆఫ్' వాయిదా వేయుట. అట్లే 'ధా' ధాతువునకు విధానము, అభిధానము, అవధానము, వ్యవధానము, అంతర్ధానము అను రూపములు కలవు. అవధానమునకును వ్యవధానమునకును గల భేదము మనకు చిన్ననాటినుండియు తడబాటు కలిగింపలేదు. ఏలయన వానిని పట్టికలో కాక వాక్యములలో విన్నాము.

ఉపసర్గ, కర్మప్రవచనీయము

ఆంగ్లమున ఒకే పదము రెండు పనులు చేయును. 'హి ర్యాన్ అప్ ది హిల్' అనగా కొండమీదికి పరుగెత్తెను. 'హి ర్యాన్ అప్ ఎ బిల్' అనగా బాకీ పెంచుకొనెను. చూచుటకు రెండు వాక్యములును ఒకటే. మొదటిదానిలో 'అప్' కొండతో అన్వయించును. రెండవదానిలో క్రియతో అన్వయించును.

ఈ భేదమును పాణిని కర్మప్రవచనీయసంజ్ఞచేత (1.4.83) చూపెను. 'ప్రతి', 'అను' మొదలగునవి నామపదముతో సంబంధించి విభక్తిని అపేక్షించునపుడు కర్మప్రవచనీయములు. అప్పుడు వానికి ఉపసర్గసంజ్ఞ ఉండదు. ఫలితము ఉచ్చారణలోను కనబడును. ఉపసర్గయైన 'సు' వలన 'సుషిక్తము' అని షత్వము కలుగును, పూజార్థమున అదే 'సు' కర్మప్రవచనీయమగుటచే (1.4.94) షత్వము రాక 'సు సిక్తము' అనియే నిలుచును.

ఆంగ్లమున ఈ భేదమును తెలిసికొనుటకు సర్వనామమే పరీక్ష. కర్మ నామపదమైనచో 'పుట్ ఆఫ్ ది మీటింగ్' అనియు, 'పుట్ ది మీటింగ్ ఆఫ్' అనియు రెండు విధముల చెప్పవచ్చును. సర్వనామమైనచో అది నడుమనే నిలువవలెను: 'పుట్ ఇట్ ఆఫ్' సాధువు, 'పుట్ ఆఫ్ ఇట్' అసాధువు. కర్మప్రవచనీయస్థానీయమైనచో సర్వనామము చివరనే ఉండవలెను: 'లుక్ ఆఫ్టర్ హిమ్' సాధువు, 'లుక్ హిమ్ ఆఫ్టర్' అసాధువు. కనిపెట్టి చూచుకొనుట అను అర్థము రూఢమైనను 'ఆఫ్టర్' యొక్క స్థానము కర్మప్రవచనీయమునదే. ఊనికయు దీనికి తోడ్పడును; 'లుక్ ఎట్ హిమ్' అనునపుడు 'ఎట్' సాధారణముగా తేలిపోవును.

మూడు పదముల క్రియలును ఇందువలననే సుబోధములగును. 'పుట్ అప్ విత్', 'రన్ అవుట్ ఆఫ్', 'లుక్ డౌన్ ఆన్' అనువానిలో రెండు ఉపసర్గలు ఉన్నట్లు తోచును. కాని ఇవి 'సమాహరతి'వంటి ద్వ్యుపసర్గములు కావు. మొదటిది ఉపసర్గస్థానీయము, రెండవది కర్మప్రవచనీయస్థానీయము. కావుననే కర్మ చివర నిలుచును: 'పుట్ అప్ విత్ ఇట్'.

స్థానభేదమువలన అర్థభేదము

వేదమున ఉపసర్గ ముందున్నను వెనుకనున్నను అర్థము మారదు. ఆంగ్లమున మారును. ఈ వైధర్మ్యమును తప్పక గుర్తింపవలెను. 'లుక్ ఓవర్' అనగా పరిశీలించుట, 'ఓవర్‌లుక్' అనగా చూడక విడుచుట. 'టేక్ ఓవర్' అనగా బాధ్యత స్వీకరించుట, 'ఓవర్‌టేక్' అనగా దాటిపోవుట. 'సెట్ అప్' అనగా స్థాపించుట, 'అప్‌సెట్' అనగా తలక్రిందులు చేయుట, కలవరపెట్టుట. నామపదములలో మాత్రము 'బ్రేక్ అవుట్' నుండి 'అవుట్‌బ్రేక్', 'బ్రింగ్ అప్' నుండి 'అప్‌బ్రింగింగ్' అని ఉపసర్గస్థానీయము ముందునకు వచ్చియు అర్థమును నిలుపుకొనుట కలదు.

ధ్వనిసామ్యమును నమ్మి అర్థమును నిర్ణయించుటయు తగదు. 'ఆఫ్' మన 'అప'కును, 'అవుట్' మన 'ఉత్'నకును, 'అప్' మన 'ఉప'కును, 'ఓవర్' మన 'ఉపరి'కిని సజాతీయములని తులనాత్మక భాషాశాస్త్రము నిర్ణయించినది. ఐనను 'ఉప' సామీప్యమును, 'అప్' ఊర్ధ్వతను చెప్పుచున్నవి. ఇది జ్ఞాతిత్వమే కాని ఏకార్థత్వము కాదు.

తెలుగు అందించు సాయము

తెలుగునకు సొంత ఉపసర్గలు లేవు. కాని ఆ పనిని అనుబంధక్రియలు చేయుచున్నవి. 'కొట్టు' నుండి కొట్టివేయు, కొట్టుకొనిపోవు, కొట్టిపారవేయు. 'పెట్టు' చేరి కనిపెట్టు, కట్టిపెట్టు, విడిచిపెట్టు. 'కట్టిపెట్టు' అనగా ఆపుట అని మనకెవరును పట్టిక ఇచ్చి నేర్పలేదు. 'ఎత్తిపొడుచు' అనునపుడు ఎత్తుటయు పొడుచుటయు ఎవరికిని తోచవు. ఆంగ్లబాలునకు 'గివ్ అప్' అట్టిదే. కావున అర్థమును వ్రాసికొనునపుడు తత్సమమును కాక ఇట్టి తెలుగు క్రియనే వ్రాసికొనవలెను: 'యూజ్ అప్' వాడివేయు, 'బర్న్ డౌన్' కాలిపోవు, 'టర్న్ డౌన్' తోసిపుచ్చు. పదమునకు పదము పెట్టుట దోషము. 'లుక్ ఫార్వర్డ్ టు' అనుదానిని 'ముందుకు చూచుట' అని తెనిగించుట కనబడుచున్నది. ఆశతో ఎదురుచూచుట దాని అర్థము.

అభ్యాసవిధానము

ఒకటి: దినమునకు ఒక ధాతువు, దానికి మూడు ఉపసర్గస్థానీయములు చాలును. రెండు: ప్రతిదానిని రెండు వాక్యములలో, ఒకసారి నామపదముతోను ఒకసారి సర్వనామముతోను బిగ్గరగా చెప్పవలెను. మూడు: ప్రతి క్రియకు ఎదుట అనువర్తకము, విశేషకము, బాధకము అని గుర్తు వ్రాసికొనవలెను. నాలుగు: ప్రకరణమునుబట్టి అర్థమును నిర్ణయింపవలెను, 'టేక్ ఆఫ్' చొక్కా విషయమున విప్పుట, విమానవిషయమున గాలిలోనికి లేచుట. ఐదు: కార్యాలయలేఖలో 'పోస్ట్‌పోన్', సంభాషణలో 'పుట్ ఆఫ్' అను ఔచిత్యమును పాటింపవలెను.

శిష్టప్రయోగము లేని రూపమును మనము కల్పింపరాదు. 'గివ్ అప్' కలదని 'గివ్ డౌన్' అనరాదు. మన దేశమున 'కోప్ అప్ విత్' అని వ్రాయుట విరివిగా కలదు. సాధురూపము 'కోప్ విత్'. 'డిస్కస్ అబౌట్' అనుటలో 'అబౌట్' అధికము. పట్టభద్రుడనైతినను అర్థమున 'పాస్డ్ అవుట్' అనుట మనకు రూఢమే. కాని అమెరికాలో దరఖాస్తును చదువువానికి అది మూర్ఛపోయితినని వినబడును. అచ్చట 'గ్రాడ్యుయేటెడ్' అని వ్రాయుట క్షేమము.

ఉపసంహారము

వ్యాకరణము శబ్దములను పుట్టింపదు. లోకమున ఉన్న శబ్దములకు వ్యవస్థను చూపును. ఆంగ్ల ఫ్రేజల్ వెర్బులకును లోకవ్యవహారమే ప్రమాణము. ఆ వ్యవహారమును గ్రహించుటకు వలసిన దృష్టిని మాత్రము ఉపసర్గప్రకరణము మనకు ఇచ్చుచున్నది. 'ప్రహరతి', 'విహరతి'లకు భేదమెరిగిన విద్యార్థి 'పుట్ ఆఫ్', 'పుట్ అవుట్'ల ముందు తలవంచుకొననక్కరలేదు. అధ్యాపకులు ఉపసర్గలను బోధించునాడే ఈ ఆంగ్ల క్రియలను పదింటిని నల్లబల్లమీద వ్రాసి చూపినచో, ఒకే పాఠమున రెండు భాషలకును మేలు కలుగును.